సుబేదార్ గారి పళ్లు, నా శుభ్రత

ఈ మధ్య మా ఆయన పళ్లు తోముకున్నాక బ్రష్షు ఎక్కడ పెడుతున్నారో నాకు చెప్పడం లేదు. అడిగితే "నీకెందుకులే" అంటున్నారు. ఎందుకో చెప్తాను, ముందు టీ చల్లారకుండా తాగండి. విన్నాక మీరూ మీ ఇళ్లలో గిన్నెలు దాచుకుంటే అది మీ ఇష్టం.

నేను ఇక్కడ ఢిల్లీలోనే, మునిర్కాలో ఒక నర్సింగ్ బ్యూరోలో పనిచేస్తానని మీకు తెలుసుగా. మంచాన పడ్డవాళ్లని ఇళ్లకి వెళ్లి చూసుకోవడం మా పని. మొన్న ఊరంతా ప్లేగు భయం పట్టుకుంది చూడండి, అప్పుడు మా పని కుక్కలు చింపిన విస్తరి అయింది. సగంమంది అమ్మాయిలు దొరికిన రైలెక్కి ఊళ్లకి వెళ్లిపోయారు. పోనీ ఉన్నవాళ్లం వెళ్దామంటే తలుపు తీసేవాళ్లేరీ? దోమల జాలీ తలుపు వెనక నిలబడి, "సిస్టర్, కొన్నాళ్లు వద్దులెండి, మేమే చూసుకుంటాం" అని పంపేస్తున్నారు. అంతకు ముందు మేం కాస్త ఆలస్యమైతే బ్యూరోకి ఫోన్ల మీద ఫోన్లు చేసినవాళ్లే. నర్సంటే ఆసుపత్రి, ఆసుపత్రంటే ప్లేగు, అదీ వాళ్ల లెక్క.

అలా ఒక్కో తలుపూ మూసుకుపోగా నాకు ఒకే ఇల్లు మిగిలింది. వసంత్ కుంజ్‌లో, మన తెలుగువాళ్లే. రంగారావు గారని రిటైరైన సుబేదార్ మేజరు, భీమవరం వైపు మనిషి. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై మంచం మీద ఉన్నారు. కొడుకు మినిస్ట్రీలో ఆఫీసరు, ఎప్పుడూ టూర్లే. ఇల్లంతా కోడలు సుధ గారి చేతిలోనే. నేను రోజూ వెళ్లి ఇంజెక్షన్ ఇచ్చి, ఒళ్లు తుడిచి, వీపు పుండు పడకుండా పక్కకి తిప్పి, కాళ్లకి వ్యాయామం చేయించాలి. అది ఆగిపోతే ఆయన మళ్లీ లేచి నడవడం కల్ల. మా బ్యూరో మేడమ్ నన్ను పిలిచి మరీ చెప్పింది, ఏం చేసినా సరే ఆ ఇంటి తలుపు మూసుకోకుండా చూసుకోమని.

సుధ గారు మంచావిడే. ఆవిడ అనుమానం నా మీద కాదు, నాతోపాటు లోపలికి వచ్చే గాలి మీద. గుమ్మంలోనే రోజూ పరీక్ష. ఏ బస్సులో వచ్చారు, పక్కన కూర్చున్నవాళ్లు దగ్గారా, దారిలో ఆసుపత్రి మీదుగా వచ్చారా? ఇలా కాదని, శుభ్రత అంటే ఏమిటో ఈవిడకి చూపించాలనుకున్నాను. వెళ్లగానే చెప్పులు బయటే వదిలి, చీర మార్చి యూనిఫామ్ వేసుకుని, మాస్కు, టోపీ పెట్టుకునేదాన్ని. గాజు సిరంజి ఎలాగూ మరిగించాల్సిందే కదా, అదే గిన్నెలో ఆయన మందు తాగే గ్లాసు, చెంచా, మమ్మల్ని పిలవడానికి మోగించే ఇత్తడి గంట, చివరికి నా చేతి గాజులు కూడా పడేసి మరిగించేదాన్ని. సుధ గారి ముఖం కాస్త విప్పారింది. నాకూ హుషారొచ్చింది. వంటింట్లో స్టవ్ మీద నా గిన్నె ఉంటే ఆవిడ పప్పు పక్కన ఎదురుచూసేది.

మా ఇద్దరికీ లొంగనిది పెద్దాయనొక్కరే. ముక్కుకి, నోటికి రుమాలు కట్టుకోమని సుధ గారూ నేనూ బతిమాలని రోజు లేదు.

"యుద్ధంలోనే ముఖం దాచుకోలేదు సిస్టరమ్మా. ఇప్పుడొక పురుక్కి దాచుకుంటానా?" అనేవారు.

ఇక అసలు సంగతి. ఆపరేషనైన దగ్గర్నుంచీ ఆయనకి తిండి సయించడం లేదు. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకి నెట్టేసేవారు. అలాంటిది ఆ రోజు నేను కాళ్లు ఆడిస్తుంటే ఉన్నట్టుండి, "సుధా, మీ అమ్మగారు పంపిన జంతికలున్నాయా?" అని అడిగారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా దింపుతూ నాతో, "ఇదంతా మీ చలవే సిస్టర్" అంది. పొగిడితే నేను మనిషిని కాను, ఆ సంగతి మీకూ తెలుసు. ఆయన కట్టుడుపళ్లు తెచ్చిపెట్టమన్నారు. బాత్రూం అలమరలో మూతగిన్నెలో ఉంది పళ్ల సెట్టు. మూత తీసి చూశాను. గంటని మరిగించాను, గాజుల్ని మరిగించాను, అచ్చంగా నోట్లోనే పెట్టుకునే ఈ వస్తువుని ఇన్నాళ్లూ ఎలా వదిలేశానని నా మీద నాకే కోపమొచ్చింది.

థర్మామీటర్ మరిగించకూడదని తెలుసు నాకు. అంతమాత్రం చదువుకున్నాను. పళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ చదువు ఎటు పోయిందో. సలసలా కాగుతున్న నీళ్లలో వేశాను. ప్లేగు రోజులు కదా అని మామూలు కంటే ఇంకాస్త ఎక్కువసేపే ఉంచాను. మాస్కు వల్ల కళ్లద్దాలకి ఆవిరి పట్టి, లోపల ఏం జరుగుతోందో కనపడలేదు. కనపడ్డా నేను ఆపేదాన్నని చెప్పలేను. చల్లారాక తెల్లటి గుడ్డలో పెట్టి, ప్రసాదంలా పట్టుకెళ్లి ఇచ్చాను.

ఆయన పెట్టుకున్నారు. తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. పై వరస ఒక చెంపకీ, కింద వరస ఇంకో చెంపకీ పోయింది. తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"సిస్టరమ్మా, ఇవి నావి కావు."

ప్లేగు సెలవులని ఇంట్లోనే ఉన్న మనవరాలు తొంగిచూసి, "మమ్మీ, తాతయ్య కే దాంత్ టేఢే హో గయే" అని కేకేసింది. సుధ గారు పళ్లెం నిండా జంతికలతో వచ్చి, వంకరపోయిన పళ్లనీ, స్టవ్ మీద నా గిన్నెనీ, నన్నూ వరసగా చూసింది. నేనేం చెప్పనక్కర్లేకపోయింది. పళ్ల డాక్టరుకి ఫోన్ చేస్తే, ప్లేగు సద్దుమణిగేదాకా క్లినిక్ మూసేశామన్నారు. ఆవిడ మెల్లగా, "రేపట్నుంచి రావద్దు సిస్టర్" అంది.

ప్లేగు మూయించలేని తలుపుని నేనే దగ్గరుండి మూయించుకున్నాను. రేపట్నుంచి ఈ పెద్దాయన కాళ్లు ఎవరు ఆడిస్తారు? మాస్కు వెనక ఏడుపొచ్చేసి కళ్లద్దాలకి మళ్లీ ఆవిరి పట్టింది. సంచీ సర్దుకుంటుంటే మంచం మీంచి ఆయన పిలిచారు.

"అమ్మా సుధా, పళ్లు పోయాయి. ఈవిణ్ణి పంపేసి కాళ్లు కూడా పోగొట్టుకోమంటావా?"

ఆవిడ జంతికల పళ్లెం నా చేతిలో పెట్టి, రోలు చూపించింది. ఆ రోజు నుంచీ నా డ్యూటీలో ఇంకో పని కలిసింది. జంతికలు పొడి చేసి మజ్జిగలో నానబెట్టి తినిపించడం, కూరలు మిక్సీలో వేయడం, ఆవకాయ ముక్క మెత్తగా నూరడం. ఆయన మాత్రం మునుపటికంటే ఎక్కువే తిన్నారు. బ్యూరో మీటింగులో మేడమ్ నన్ను నిలబెట్టి, అందరి ఇళ్లూ పోయినా ఇల్లు నిలబెట్టుకున్నది సరోజ ఒక్కతేనని చప్పట్లు కొట్టించింది. అమ్మాయిలు రహస్యమేమిటని అడిగితే, శుభ్రత అన్నాను.

ఇప్పుడు భయం తగ్గింది కదా. ఢిల్లీ అంతా మాస్కులు తీసి పారేసింది. క్లినిక్ తెరిచారు, ఆయనకి కొత్త పళ్లొచ్చాయి, వాకర్ పట్టుకుని హాల్లోకి కూడా నడిచొస్తున్నారు. నిన్న నేనూ మొదటిసారి మాస్కు లేకుండా వెళ్లాను. చూద్దును కదా, పెద్దాయన కుర్చీలో కూర్చుని, పెద్ద రుమాలు నోటికి అడ్డంగా బిగించి వెనక ముడేసుకున్నారు.

"అదేంటి అంకుల్, ప్లేగు పోయిందండీ. ఇప్పుడెందుకు కట్టుకున్నారు?" అన్నాను.

ఆయన నా సంచీలోంచి తొంగిచూస్తున్న గిన్నె వైపు ఓసారి చూసి, ముడి ఇంకాస్త బిగించుకున్నారు.

"ప్లేగుకి కాదు సిస్టరమ్మా."