కాక దుకాణంలో రింగు

కొడుక్కి కొన్న బాస్కెట్‌బాల్ కొత్త రబ్బరు వాసనకు మా కాక దుకాణం గుర్తొచ్చింది.

కాక బొగ్గుగని టీములో బాస్కెట్‌బాల్ ఆడేవాడు. మోకాలు దెబ్బతిన్నాక గోదావరిఖనిలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం పెట్టాడు. నేలను పైనుంచే పేల్చి తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం మా కాలనీనీ, ఆట కోర్టునూ ఖాళీ చేయించినప్పుడు అక్కడి ఇనుప రింగు విప్పుకొచ్చి దుకాణం ముందు బిగించాడు. నా కోసమే అనుకున్నాను. తెల్లారి చూస్తే దానికి చీపుర్లు వేలాడుతున్నాయి.

ఒక మధ్యాహ్నం బోర్లించిన బకెట్ ఎక్కి చీపుర్లన్నీ తీసేశాను. నేను విసిరిన బంతి రింగుకు తగిలి కాక మీదికి పోయింది. చూడకుండానే పట్టేశాడు.

"ఒక్కసారి వెయ్యి కాకా!"

అంతలో గనిలో బ్లాస్టింగు సైరన్ మోగింది. పేలుడుకు రింగు గలగలలాడింది. అది ఆగిపోయాక కూడా కాక బంతి వదల్లేదు.

"చీపుర్లు మల్ల తగిలియ్యి బిడ్డా. గిరాకీలు వస్తరు."

కోపమొచ్చిందనుకొని, ఏడ్చుకుంటూ ఒక్కొక్కటే తగిలించాను.

ఆ రోజు పేల్చింది మా పాత కోర్టునేనని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. కాకకు పొద్దున్నే తెలుసట. తెలిసే దుకాణం తెరిచాడు.