తథాస్తు దేవతలూ గోధుమరంగు ఇన్‌హేలరూ

మా అమ్మాయి ఊపిరి సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి మాటతీరు చెప్పాలి. మా పుట్టింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనేవాళ్ళం. దీపం ఆరిపోతే కొండెక్కిందనేవాళ్ళం. జ్వరం వస్తే "ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది" అనేవాళ్ళం తప్ప జ్వరమని పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. అందులోనూ సందెవేళ నోటివెంట చెడుమాట అసలు రాకూడదు. ఆ వేళకి తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతూ, ఎవరు ఏ మాట అన్నా 'అలాగే అగుగాక' అంటూ వెళ్ళిపోతారని నాయనమ్మ చెప్పేది. దీపం పెట్టాక మా ఇంట్లో అందరమూ బాగున్నవాళ్ళమే.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. తెలుగూ లెక్కలూ ఇంగ్లీషూ అన్నీ నాన్నే నేర్పారు, వీధి అరుగు మీద కూర్చోబెట్టి. ఒక్కదాన్నే శిష్యురాల్ని కాబట్టి చెయ్యెత్తి అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పాఠం అర్థం కాకపోతే నా మొహం చూసే ఆయనకు తెలిసిపోయేది. మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. ఇంతకన్నా మంచి చదువు ఎవరికి దొరుకుతుందని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. అయితే లోకంలో అందరూ మన మొహం చూసి తెలుసుకుంటారన్న నమ్మకం కూడా ఆ అరుగు మీదే నాలో స్థిరపడింది.

మేం ఐర్లండ్‌లో అత్లోన్ అనే ఊళ్ళో ఉంటాం. మావారు ఇక్కడి మందుల కంపెనీలో పనిచేస్తారు. అమ్మాయి ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. ఐదో ఏట దగ్గు మొదలైంది. పడుకుంటే దగ్గు, నవ్వితే దగ్గు, షానన్ నది మీదినుంచి చలిగాలి వీస్తే పిల్లికూతలు. ఆస్తమా అన్నారు డాక్టరు. నీలంరంగు ఇన్‌హేలర్ రాసి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చమన్నారు.

ఆయన మంచి మనిషి. మమ్మల్ని చూడగానే లేచి తలుపు తీసేవారు. వెళ్ళిన ప్రతిసారీ "ఎలా ఉంది ఈవేళ?" అని అడిగేవారు. నేను ప్రతిసారీ "బాగానే ఉంది డాక్టరుగారూ, దేవుడి దయవల్ల" అనేదాన్ని. ఆస్తమా కూడా మర్యాద తెలిసిన జబ్బు. డాక్టరు ముందు కిమ్మనదు. ఆయన పిల్ల పెదాలు చూసి, "నీలంగా లేవు, గ్రాండ్" అనేవారు. గ్రాండ్ అంటే ఇక్కడ 'బాగుంది' అని. తర్వాత నావైపు తిరిగి ఇంట్లో అగరొత్తులు వెలిగిస్తారా, ధూపం వేస్తారా, వేపుళ్ళు ఎక్కువా అని అడిగేవారు. నేను సాంబ్రాణి మానేశాను. అగరొత్తి గుమ్మం బయటికి వెళ్ళిపోయింది. మిరపకాయ పోపు పెడితే చలికాలంలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచేదాన్ని. మావారు కోటు వేసుకుని భోజనానికి కూర్చునేవారు. పొగ తగ్గడం మంచిదే, ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ దగ్గు మాత్రం తగ్గలేదు. నీలం ఇన్‌హేలర్ అయిపోవడం, మళ్ళీ అదే రాయించుకోవడం, అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఈలోగా అమ్మాయికి కమోగీ పిచ్చి పట్టింది. అది ఇక్కడి ఆడపిల్లల కర్ర ఆట. చేతిలో వంపు తిరిగిన కర్ర, తలకి హెల్మెట్, మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే పరుగు. బడి జట్టులోకి తీసుకున్నారు. ఏం లాభం? మొదలై కాసేపు కాగానే టీచరు చెయ్యి ఊపి బయటికి పిలిచేసేది. "పాపం పిల్ల, కూర్చోనివ్వండి" అనేది. పిల్ల గీత బయట కూర్చుని గడ్డి పీకుతూ ఉండేది. "నీకేం కావాలమ్మా పుట్టినరోజుకి?" అని అడిగితే, "ఒక్క మ్యాచ్ అమ్మా, ద హోల్ మ్యాచ్" అంది. దేవుడి గదిలో నా కోరిక కూడా అదే అయిపోయింది. ఒక్క ఆట మొత్తం ఆడనివ్వు తండ్రీ.

నవంబరులో ఒక శనివారం, ఆట అయ్యాక, పక్కింటావిడ కూతురు తన సంచిలోంచి రెండు ఇన్‌హేలర్లు తీసింది. ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు. వాళ్ళమ్మాయీ మా అమ్మాయీ ఒకే తరగతి, ఒకే జట్టు, అదే డాక్టరు. దగ్గు కూడా ఒకేలాంటిదే. కానీ ఆ పిల్ల ఆట మొత్తం ఆడింది. మా అమ్మాయి ఆ రెండింటివైపూ చూసి, చేతిలోని తనదాన్ని చూసుకుని, నన్ను అడిగింది.

"అమ్మా, వై హావ్ ఐ ఓన్లీ ద బ్లూ వన్?"

నేను పక్కింటావిడవైపు చూశాను.

పక్కింటావిడ కారెక్కబోతున్నదల్లా ఆగిపోయింది. ఐరిష్ మనిషి, మాటకారి, నవ్వుమొహం. మా ఇద్దరి ఇళ్ళకీ ఒకటే గోడ. "గోధుమరంగుది రోజూ పీల్చేది. ఆయాసం అసలు రాకుండా చూసేది అదే. నీలంది వచ్చాక పనికొచ్చేది. మీకు రాయలేదా?" అంది.

"లేదండీ."

"ఎలా ఉందని డాక్టరు అడిగితే నువ్వేం చెబుతావు?"

"బాగుంది, థాంక్ గాడ్ అంటాను."

"బాగుందా! ఇందాక గీత పక్కన కూలబడ్డ పిల్ల బాగుందా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేనేమన్నానో తెలుసా? నా పిల్ల చచ్చిపోతోంది డాక్టర్ అన్నాను."

"శివశివా! అంత మాట అన్నారా?"

"ముక్కు కారినా చచ్చిపోతున్నామనే అంటాం ఇక్కడ. నువ్వు ఈ దేశం వచ్చి ఎన్నేళ్ళయింది?"

అప్పటికే పొద్దు వాలుతోంది. నేను ఆకాశంవైపు ఒకసారి చూసి, ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి నిమిరాను. పాపం, వాళ్ళమ్మ మాటలు వినేవాళ్ళు విన్నారేమోనని.

ఆవిడ గొంతు తగ్గించింది. "నిజానికి మొదటిసారి నేనూ ఏదో దగ్గు అన్నానంతే. ఆయనే గుచ్చి గుచ్చి అడిగాడు. రాత్రి నిద్రపోతోందా, పరిగెత్తగలుగుతోందా, బడి ఎన్నిసార్లు మానేసింది అని. నిన్ను అడగలేదా?"

"ధూపం వేస్తారా అని అడిగారు."

ఆవిడ తెరిచిన కారు తలుపు మూసేసింది. "మా ఇంట్లో చలికాలమంతా పొయ్యిలో టర్ఫ్ మట్టిగడ్డలు కాలుస్తాం. గోడవతల నీకే వాసన వస్తుంది కదా. ఆ పొగ సంగతి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు" అంది.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన సాక్సులు విప్పుతూ, "మందులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం, ఇంట్లో పిల్లకి మందు లేదు. బాగుంది వరస" అన్నారు. రెండో సాక్సు కూడా విప్పి, "మనం అడగలేదు కదే" అన్నారు. "ఆయన కూడా అడగలేదు కదండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం ఆయనకీ కొత్తే, నాకూ కొత్తే.

సోమవారం అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేశాను. చెప్పాల్సినవన్నీ చెడుమాటలే. అందుకని వేళ చూసుకోవాలి. నవంబరు చివరికి ఇక్కడ నాలుగింటికే సందె పడిపోతుంది.

"నాలుగింటికి ఖాళీ ఉంది లవ్. సరేనా?" అంది ఫోన్ తీసినామె.

"పొద్దున్నే కావాలండీ."

"ఎల్లుండి నాలుగున్నర?"

"కాదండీ, పొద్దున్నే."

"ఉద్యోగమా?"

ఏం చెప్పను? తథాస్తు దేవతల సంగతి ఫోనులో ఎక్కడినుంచి మొదలుపెట్టను? "ప్రార్థన వేళండీ" అన్నాను. అబద్ధమూ కాదు.

"ఓ, గ్రాండ్, గ్రాండ్" అని వెంటనే గురువారం తొమ్మిదిన్నరకి ఇచ్చింది. ఈ దేశంలో ప్రార్థన అంటే ఇంకా కాస్త మర్యాద ఉంది. అందుకు కూడా దణ్ణం పెట్టుకున్నాను.

గురువారం స్నానం చేసి, దీపం పెట్టి, "ఈపూట నేననే మాటలు లెక్కలోకి తీసుకోకు స్వామీ, మందుకోసం అంటున్నాను" అని చెప్పుకుని బయల్దేరాను. డాక్టరు లేచి తలుపు తీశారు.

"ఎలా ఉంది ఈవేళ?"

"ఈవేళ బాగుంది. మిగతా రోజుల సంగతి చెబుతాను" అన్నాను. కుర్చీలో కూర్చోలేదు. నాన్నకి పాఠం అప్పగించేటప్పుడు నిలబడేదాన్ని, అలాగే నిలబడ్డాను. పడుకుంటే దగ్గుతో లేస్తుందని చెప్పాను. మెట్లెక్కితే మాట మధ్యలో ఆగిపోతుందని, మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతుందని చెప్పాను. బడిలో గీత బయట కూర్చుంటుందని కూడా చెప్పాను. నా గొంతు నాకే వింతగా ఉంది. అమ్మాయి నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"పెదాలు ఎప్పుడైనా నీలంగా అవుతాయా?" అన్నారు ఆయన.

"మా అమ్మాయి పెదాలు పుట్టినప్పటినుంచీ నేరేడుపండు రంగే డాక్టరుగారూ. అందులో నీలం వెతికితే కన్నతల్లిని నాకే దొరకదు."

ఆయన కలం పక్కన పెట్టారు. పిల్లని దగ్గరికి పిలిచి, కింది పెదవి మెల్లగా లాగి లోపలి రంగు చూశారు. చిగుళ్ళు చూశారు, గోళ్ళు చూశారు. వీపుమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, అందులో ముల్లు ఎంతవరకు వెళ్ళిందో చూశారు. ఎక్కువ దూరం వెళ్ళలేదు.

"మాకు గోధుమరంగుది ఎందుకు రాయలేదు?" అని అడిగాను. నా జన్మలో ఒక పెద్దమనిషికి నేను వేసిన మొదటి ఎదురు ప్రశ్న అదేనేమో.

ఆయన తడుముకున్నారు. "అందులో స్టెరాయిడ్ ఉంటుంది. తక్కువ మోతాదే. కానీ మీ ఇండియన్ కుటుంబాలకు స్టెరాయిడ్ అంటే ఇష్టముండదు కదా అని..."

నాకు నవ్వొచ్చింది. ఆ 'మీ ఇండియన్ కుటుంబాలు' ఎవరో నాకు తెలుసు. శనివారం భజనకొచ్చే ఆంటీ! వాళ్ళబ్బాయికీ ఈయనే డాక్టరు. "స్టెరాయిడ్ అన్నాడమ్మా, పిల్లాడు ఎదగడేమోనని వద్దనేశాం" అని ప్రసాదం పంచుతూ చెప్పింది. ఆవిడ వద్దన్నది మా అమ్మాయికి కూడా వద్దైపోయింది.

"డాక్టరుగారూ, అది వేరే ఇల్లు. మా ఇంట్లో మీరు అడగలేదు" అన్నాను. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాను, అంతే.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎరుపైతే ఆయన మొహంలో ఇట్టే కనిపిస్తుంది. "నిజమే. అడగాల్సింది" అన్నారు. అలా ఒప్పుకునే మనిషి దొరకడం కూడా అదృష్టమే. తర్వాత ధూపం ప్రసక్తి తేకుండా అన్నీ వివరంగా చెప్పారు. ఆ స్టెరాయిడ్ ఏం చేస్తుందో, ఏం చెయ్యదో, రోజూ ఎందుకు మానకూడదో, ఎత్తు విషయంలో ఎలా కనిపెట్టి ఉంటారో. పిల్ల బాగున్నప్పుడు ఏం చెయ్యాలి, బాగోలేనప్పుడు ఏం చెయ్యాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి, అదీ చెప్పారు. ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఎలా పీల్చాలో నర్సు చేత నేర్పించారు. అమ్మాయి చెయ్యెత్తి మరీ నర్సుని ప్రశ్నలడిగింది. బడికెళ్ళిన పిల్ల కదా.

ఆనాటినుంచి మా ఇంట్లో పొద్దున దీపం, ఆ వెంటనే గోధుమరంగుది. పీల్చాక నోరు పుక్కిలించాలి. పిల్ల సింకు దగ్గర గరగరమంటుంటే మావారు కాఫీ తాగుతూ, "ఆచమనం అయిందా అమ్మా?" అనేవారు. "వెరీ ఫన్నీ, డాడీ" అనేది అది, నోటినిండా నీళ్ళతో. సంక్రాంతి దాటేసరికి పడుకున్న పిల్ల మధ్యలో దగ్గుతో లేవడం మానేసింది. దగ్గు వినపడక, బతికుందా అని నేనే వెళ్ళి చూసొచ్చేదాన్ని. శివరాత్రినాడు మెట్లమీద ఎవరో దబదబా పరిగెడుతుంటే పక్కింటి పిల్లనుకున్నాను. చూస్తే మాదే.

భజనలో ఆంటీకి చెప్పాను. "ఆంటీ, మీ వాణ్ణి కూడా మళ్ళీ తీసుకెళ్ళండి. వద్దనకుండా ముందు అడగండి, అన్నీ చెబుతారు."

"నువ్వా ఇలా మాట్లాడుతున్నది?" అని ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఆ తర్వాత వారమే తీసుకెళ్ళింది కూడా.

ఏప్రిల్‌లో, సాయంత్రం పూట, పక్క ఊరి బడితో మ్యాచ్. గాలి విపరీతంగా ఉంది. అమ్మాయి మైదానం మధ్యలో నిలబడింది. ఆట సగమైంది. టీచరు చెయ్యి ఎప్పుడు ఊపుతుందా అని నేను ఆవిడవైపే చూస్తున్నాను. ఆవిడ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఉంది. అమ్మాయి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పరుగు. బంతి తనకి ఇవ్వమని ఒకటే అరుపు. నాలుగేళ్ళు గొంతులో అణిగి ఉన్నదంతా ఆ అరుపుల్లో బయటికొస్తున్నట్టుంది. ఒకసారి బంతిని కర్రమీద నిలబెట్టుకుని ముగ్గురిని దాటుకుపోయింది. గోలు వెయ్యలేదు, పోస్టు పక్కనుంచి పోయింది. అయినా మావారు గంతులేశారు. ఆఖరి విజిల్ వినిపించేసరికి పిల్ల ఇంకా పరిగెడుతూనే ఉంది. మా బడే గెలిచింది.

మోకాళ్ళనిండా మట్టితో, హెల్మెట్ చంకలో పెట్టుకుని వస్తోంది. ఊపిరి గట్టిగా తీస్తోంది, అందరు పిల్లల్లాగే. పక్కింటావిడ నా భుజం మీద ఒక్కటి చరిచి, "ఎలా ఉంది నీ పిల్ల?" అని అరిచింది.

పైకి చూశాను. అప్పుడే సందె పడుతోంది. మైదానం మీద ఆకాశం ఎర్రబడింది. మంచివేళ.

"బాగుంది! చాలా బాగుంది!" అని నేనూ అరిచాను, పైవాళ్ళకి కూడా వినపడేలా.