తోడల్లుడి కారు మూతి కోసం రామన్నపేట దాకా

నా తోడల్లుడు రవీందర్ తన పాత అంబాసిడర్‌ని హాట్ రాడ్‌గా మార్చుకున్నాడు. అంటే పాత కారును కిందికి దించి, వెడల్పు చక్రాలు వేసి, మూతికి ఏ పాత లారీదో గ్రిల్లు తెచ్చి అతికించి, రోడ్డు మీద జనం ఆగి చూసేలా చేయడం. నాదీ అదే కారు, అదే పిచ్చి. నేనూ చక్రాలు మార్చాను, బండి దించాను. గ్రిల్లు మాత్రం కంపెనీదే ఉండిపోయింది. అత్తగారింట్లో అందరూ అతని బండి పక్కనే ఫోటోలు దిగుతుంటే నాకు కడుపు మండిపోయేది. దానికి తోడు మా బావమరిది శ్రీకాంత్ పెళ్లి దగ్గర పడింది. బరాత్ ఊరేగింపుకి ఎవరి కారు బాగుంటే దాంట్లో కూర్చుంటానని మా ఇద్దరికీ చెప్పాడు. ఆ మాట విన్న వారానికే, రవీందర్‌కి తెలియకుండా, పాతసామాన్ల దుకాణంలో ఒక లారీ గ్రిల్లు కొని డిక్కీలో పడేసుకున్నాను.

తెల్లవారకముందే ఎల్బీనగర్ దాటితే విజయవాడ హైవే ఖాళీగా ఉంటుంది. చౌటుప్పల్‌లో ఇడ్లీ తిని, చిట్యాలలో ఎడమకు తిరిగి, పత్తిచేల మధ్య రోడ్డు పట్టుకుంటే రామన్నపేట. తీరిగ్గా వెళ్లినా రెండు గంటల ప్రయాణం. పెట్రోలు, టోలు కలిపి వెయ్యి రూపాయలు దగ్గర పెట్టుకోండి. దించిన బండి అయితే ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర నడుము, బండి నడుము రెండూ చూసుకోవాలి.

ఇలాంటి పనికి పేరున్న యాదగిరి షెడ్డు మెయిన్ రోడ్డు మీదే ఉంది. మనిషి మాటకారి. నా బండి చుట్టూ తిరిగి, గ్రిల్లు మీద చెయ్యి పెట్టి, "గీ పాతది మంచిగనే ఉన్నది గద సార్, కొయ్యాల్నా?" అన్నాడు.

"కొయ్యండి" అన్నాను. చట్రం ఉంచి లోపలి పట్టీలన్నీ తీసేస్తే, లారీ గ్రిల్లును మధ్యలో కుదించి అందులో అతికించవచ్చు. రవీందర్ బండి ఫోటో నా ఫోనులో ఉంది. అది చూపిస్తే ఒక్క మాటలో పని తేలిపోయేది. కానీ వాడి బండిని నా చేత్తో ఇంకొకరికి చూపించడమా? లారీ గ్రిల్లు ముందుకు ఉబ్బి అందంగా ఉంది, ఆ వంపు అలాగే ఉంటుందిలే అనుకుని, "దీన్ని చక్కగా చేసి పెట్టండి" అని మాత్రం చెప్పి, ఊళ్లో తిరిగి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను.

పక్క హోటల్లో జొన్నరొట్టె, మటన్ కూర బాగుంటాయి, నూటయాభైలో కడుపు నిండుతుంది. వండి వడ్డించే లక్ష్మమ్మ షెడ్డు వైపు చూస్తూ, "గా కారు మీదేనా? ముద్దుగ ఉండె గద, ఎందుకు కోయిస్తున్నరు?" అంది. ఇంకా బాగుండాలని చెప్పాను. "గంతేనా" అని ఇంకో రొట్టె వేసింది.

తిరిగొచ్చేసరికి గ్రిల్లు బిగించి ఉంది. ఉబ్బు లేదు. తలుపు చెక్కలా బల్లపరుపుగా ఉంది.

"వంపేది?" అని అరిచాను.

"మీరే గద సార్ సక్కగ చెయ్యమన్నది! గంత వంకర ఉండె. కొట్టి కొట్టి చెయ్యి గుంజుతాంది."

సక్కగ అంటే ఇక్కడ తిన్నగా. పదేళ్లుగా హైదరాబాద్ ఆటోవాళ్ల నోట రోజూ వింటున్న మాటే. కానీ నా నోటి నుంచి వచ్చింది మా తెనాలి చక్కగా, అంటే అందంగా. ఉక్రోషం ఆపుకోలేక ఫోను తీసి రవీందర్ కారు చూపించాను.

యాదగిరి మొహం వెలిగిపోయింది. "అరే, గిది నేను చేసిందే గద! పొద్దుగాల్నే సూపియ్యకపోతిరి." తర్వాత నన్ను ఎగాదిగా చూసి నెమ్మదిగా అన్నాడు. "ఆ సారు గీడనే కూసొని ఒకటే ఫికర్ పడ్డడు. మా అన్న బండికి కంపెనీ గ్రిల్లు ఉన్నది, నాది తుప్పు పట్టి పోయింది, గసుంటిది యాడ దొరుకుతలేదు, గందుకే లారీది పెట్టిస్తున్న అన్నడు. ఆ అన్న మీరేనా?"

నేనే. నా పాత గ్రిల్లు పట్టీలు కోసిన ముక్కలుగా అతని కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. అతికించగలరా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

పెళ్లిలో శ్రీకాంత్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రవీందర్ కారెక్కాడు. రవీందర్ మాత్రం నా బండి ముందు కాసేపు నిలబడి, "పాతది ఏంజేసినవ్ అన్నా? తీసేస్తే నాకియ్యమని అడుగుదామనుకున్న" అన్నాడు. వెక్కిరింపేమో అని అతని మొహంలో వెతికాను. లేదు, నిజంగానే బాధపడుతున్నాడు.

అటువైపు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. పనివాడికి ఏం కావాలో మాటతో చెప్పకండి, ఫోటో చూపించండి, అది మీకు గిట్టనివాడి కారైనా సరే. నా అసూయ తీరిందా అంటే, తీరలేదు. కాకపోతే ఇప్పుడు రవీందర్ బండి మీద కాదు. ఆ రోజు పొద్దున చిట్యాలలో ఎడమకు తిరిగిన నా కారు మీద.