నున్నగా చేసిన గెనిమ

చేనికీ చేనికీ మధ్య గట్టులా ఉండే గెనిమ దాటేముందు కృపాకుమారి ఆగి, రెండు చప్పట్లు కొడుతుంది. పొదలో పాము ఉంటే తప్పుకుంటుంది, పూరేడు పిట్ట ఉంటే లేచిపోతుంది. లేచిన పిట్ట ఆమె లెక్కలో చేరుతుంది. కొన్నేళ్లుగా ఆమె జీతం ఈ పనికే.

వేరుశనగతో చిక్కీలు చేసి దేశమంతా అమ్మే ఒక పెద్ద కంపెనీ కుందుర్పి చుట్టుపక్కల ఊళ్లలో కాయలు కొంటుంది. ఆ చేలల్లో మందులు ఎంత వాడుతున్నారు, గెనిమల మీద ఏ పొదలు, ఏ పిట్టలు, ఏ తేనెటీగలు మిగిలాయి అన్నది కంపెనీ ఏటా చూపించుకోవాలి. చూసి మార్కులు వేసేది బయటివాళ్లు. అంతకుముందే కంపెనీ తరఫున చేలు తిరిగి చూసిపెట్టేది కృపాకుమారి. మార్కులు పడిపోయిన ఊరిని కంపెనీ వదిలేస్తుంది. నిరుడు పక్క ఊరిని అలాగే వదిలేసింది. ఇప్పుడు అక్కడి కాయలు దళారి చెప్పిన ధరకే పోతున్నాయి.

ఈసారి మార్కులు వేయడానికి బెంగుళూరు నుంచి ఇంద్రాణి అనే ఆమె వస్తోంది. ఏ చేను చూపిస్తారని అడిగితే కృపాకుమారి తిప్పన్న పేరు పంపింది. ఊళ్లో అలాంటి గెనిమ ఇంకొకటి లేదు. బలుసు, రేగు, తంగేడు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. నీ చేను చూడడానికి వస్తున్నారని చెబితే తిప్పన్న ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసైనా ఆమెకు అనుమానం రాలేదు.

ముందురోజు మధ్యాహ్నం చేనికి వెళ్లింది. చప్పట్లకు చేతులెత్తి, అలాగే ఆగిపోయింది. గెనిమ ఈ కొస నుంచి ఆ కొస దాకా గుండు కొట్టించినట్టు ఉంది. గాలిలో గడ్డిమందు వాసన.

"ఎట్లుండాది పాపా?" తిప్పన్న తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "కూలోళ్లను పెట్టి కోపిచ్చినా. మళ్లా చిగురు రాకుండా మందు గూడా కొట్టినా. పెద్దోళ్లు వచ్చేతప్పుడు గెనిమ అడివి మాదిరి ఉంటే మన పరువేం గాను?"

ఇక్కడ గెనిమ నున్నగా ఉన్నవాడే మంచి రైతు. ఇంటికి సంబంధం చూడడానికి వచ్చినా, చేను చూడడానికి ఆఫీసర్లు వచ్చినా ముందు గెనిమ గీకుతారు. కృపాకుమారి నాయన కూడా గీకేవాడు.

తిప్పన్న భార్య కదిరమ్మ కోసిన కంపను మోపు కట్టడం ఆపింది. "పెద్దోని పెండ్లికి ఇంటికి సున్నం కొట్టప్పా అంటే నడుం నొప్పి అన్నాడు. ఇబ్బుడు సూడు, గెనిమకు పెండ్లి చేస్తాండాడు."

"నువ్వు ఊరుకోమ్మే. చెప్పు పాపా, బాగుండాదా, లేదా?"

"బాగుండాది మామా."

ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీదికి వచ్చి పైఅధికారి విజయభాస్కర్‌కు ఫోన్ చేసింది.

"గడ్డిమందా! సచ్చినాం పో," అన్నాడాయన. "పక్కనే ఎర్రన్న చేను ఉండాది కదా? ఆయప్పకు రాజకీయాలు తప్ప సేద్యం పట్టదు. గెనిమంతా అడివే. ఆమెను ఆడికి తీసకపో. తిప్పన్న చేను ఇదే అని చెప్పు."

"సార్, తిప్పన్న మామ చొక్కా ఇస్త్రీకి ఇచ్చినాడు."

"ఇంట్లోనే ఉండమను. ఎవరి గెనిమ ఏదో ఆమెకేం ఎరుక? ఊరు పోతే మన ఇద్దరి పనీ పోతాది కృపా. ఆలోచన చేసుకో."

బస్సులో ఆలోచించింది. ఎర్రన్న చేను చూపిస్తే ఊరు నిలుస్తుంది. కానీ తిప్పన్న ఇంట్లో ఉండే మనిషి కాదు. ఇస్త్రీ చొక్కాతో తన గెనిమ మీద నిలబడి, కారు పక్క చేనికి తిరగడం చూస్తాడు. పొదలు కోయడమే తప్పని అతనికి ఎవరూ చెప్పరు. వచ్చే ఏడు అతన్ని చూసి ఊరంతా కోస్తుంది. అప్పుడు చూపించడానికి ఎర్రన్న గెనిమ కూడా మిగలదు. నిజం చెబితే మాత్రం ఈ ఏడే అంతా పోవచ్చు. రెండు దార్లూ ఒకే చోటికి పోతున్నట్టు అనిపించింది. నిజం చెబితే కనీసం పొదల విలువ ఊరికి తెలుస్తుంది.

మర్నాడు మొదటి బస్సుకే ఊరు చేరింది. తిప్పన్న అప్పటికే తయారై గెనిమ మీద ఉన్నాడు.

"మామా, నిన్న నీకు అబద్ధం చెప్పినా. వాళ్లు సూసేకి వచ్చేది నువ్వు కోసిన పొదల్నే. ముందే నేను చెప్పల్సింది."

"కంపనా?" తిప్పన్న నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "కంప సూసేకి బెంగుళూరు నుంచి వస్తారా?"

"వస్తారు మామా."

అతను కింద కూర్చున్నాడు. ఇస్త్రీ నలుగుతుందని కూడా చూసుకోలేదు. "ఊరోళ్లు నన్ను బతకనిస్తారా పాపా?" అన్నాడు.

కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. కృపాకుమారి ఎదురువెళ్లి, ఇంద్రాణి కాలు కింద పెట్టకముందే చెప్పింది.

"మేడం, ఇది తిప్పన్న గెనిమ. మొన్నటి దాకా నిండా పొదలే. మీరొస్తారని, మర్యాదకు కోసినాడు. గడ్డిమందు గూడా కొట్టినాడు. ఏం చూసేకి వస్తారో నేను ఆయనకు చెప్పలేదు. ఊళ్లో తక్కిన గెనిమలు ఇంకా కోయలేదు. మార్కులు ఏసే ముందు అన్నీ నడిచి చూడండి, నేను చూపిస్తా."