మా అత్తమ్మకు పట్టిన మొండి పురుగు

మా అత్తమ్మ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ గోళీలు కాస్త తేరుకునేదాకే వేసుకునేవాళ్లం. మిగిలినవి ఆ డబ్బాలో పడేవి. వీధిలో ఎవరి పిల్లాడు దగ్గినా, ఎదురింటాయనకు పన్ను సలిపినా, అత్తమ్మ మూత తీసేది. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి భద్రాచలంలో మా వీధిని ఖాళీ చేయమన్నప్పుడు, ఆధార్ కార్డులు మరిచిపోయింది గానీ డబ్బాను మాత్రం ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

నా ఉద్యోగమేమో దవాఖానా ల్యాబులో. అప్పట్లో మేమొక సర్వే చేస్తున్నాం. వార్డుల్లో తరచూ కనబడే బ్యాక్టీరియా ఏ మందుకు చస్తోంది, ఏ మందుకు చావడం లేదు అని చూడాలి. రోగి శాంపిల్లో పెరిగిన బ్యాక్టీరియాను జెల్లీ ప్లేటు మీద పూసి, పైన మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే మర్నాటికి బిళ్ల చుట్టూ ఖాళీగా ఒక రింగు మిగులుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్లను ఆనుకుని మరీ పెరుగుతుంది.

ఇదంతా చెబితే అత్తమ్మ శ్రద్ధగా వినేది. విని, "మస్తు అలిసిపోయినవ్ బిడ్డా, ఒక గోళీ ఇయ్యనా?" అని డబ్బా అందుకునేది.

ఒకసారి ఆమెకే చలిజ్వరం, మూత్రంలో మంట పట్టుకున్నాయి. నాకు చెప్పకుండా డబ్బా వైద్యం చేసుకుని, చివరికి లేవలేని స్థితిలో మా దవాఖానాలోనే చేరింది. ఆమె శాంపిల్ నా బల్ల మీదికే వచ్చింది. మర్నాడు ప్లేటు తీసి చూశాను. ఒక్క బిళ్ల చుట్టూ కూడా రింగు లేదు. ఆమెకు ఎక్కిస్తున్న ఇంజెక్షన్ కూడా ఆ బిళ్లల్లో ఉంది. అన్నేళ్లు ఆ డబ్బాను చూసి పళ్లు నూరినదాన్ని, ఆ రోజు ఆమె ఎక్కడ పోతుందోనని భయపడ్డాను.

ప్లేటు ఫోటో తీసి ఆమెకు చూపించాను. ఇప్పుడైనా బుద్ధి వస్తుందనుకున్నాను.

"అంటే గిది ఏ మందుకూ చావదా?"

"చావట్లేదు అత్తమ్మా."

"వార్డుల అందరివీ గిట్లనేనా?"

"కాదు. చాలామందివి చస్తున్నయి."

అత్తమ్మ దిండు సర్దుకుని కూర్చుంది. కాసేపటికి పక్క మంచం ఆమెతో అంటోంది. "నీది ఎన్నిటికి చచ్చిందంట? నాది దేనికీ చావదు. మా కోడలే చూసింది." కొడుక్కి సర్కారు కొలువు వచ్చినప్పుడు కూడా ఆమె అంత గర్వంగా చెప్పుకోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిలు చేతిలో పెట్టి, పురుగు ఫోటో ఏదని అడగడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి జ్వరం పెరిగింది. గొప్పలు ఆగిపోయాయి. నా చెయ్యి పట్టుకుని, "నిజంగ ఏదీ లేదా బిడ్డా?" అంది.

అప్పటికే మొదటి ప్లేటులో లేని మందుల బిళ్లలతో రెండో ప్లేటు పెట్టి ఉంచాను. మర్నాడు పొద్దున తీసి చూస్తే ఒకే ఒక బిళ్ల చుట్టూ సన్నని రింగు. స్కేలు పెట్టి కొలిచాను. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను. మందు పనిచేస్తుందనడానికి ఆ వెడల్పు సరిపోయింది. ప్లేటు చేత్తో పట్టుకునే వార్డుకు పరుగెత్తాను. ల్యాబు ప్లేటు వార్డులోకి తెస్తావా అని సిస్టరమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి తిట్టిపోసింది. ఆ రింగును కూడా ఫోటో తీసి లోపలికి వెళ్లాను.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "గింతేనా?"

"గింత చాలు అత్తమ్మా."

ఆ మందు పనిచేసింది. జ్వరం దిగి ఇడ్లీ అడిగిన పూటే, "ఇగ నాకు బాగైంది, మిగిలిన ఇంజెక్షన్లు ఇంటికి తీస్కపోదాం" అంది. సిస్టరమ్మ చూసిన చూపుకు మళ్లీ పడుకుంది. కోర్సు పూర్తయ్యాకే ఇంటికి పంపారు.

ఆ డబ్బాలో ఇప్పుడు సూదులూ దారాలూ ఉన్నాయి. గోళీ కోసం ఎవరైనా వస్తే అత్తమ్మ తన ఫోన్ తెరుస్తుంది. ముందు మొదటి ఫోటో చూపించి వాళ్లను బాగా భయపెడుతుంది. తరువాత రెండోది తీసి, ఆ సన్నని రింగు కింద వేలు పెడుతుంది.

"గీ సందులకెల్లి బయటపడ్డ. నీకు గింత సందన్న ఉంటదో లేదో. పో, డాక్టరుకు చూపిచ్చుకో."