సుధామయి ఆపిన బండి

మంచుదేశంలోని యూనివర్సిటీ ఊరు వాటర్లూ నుంచి తూర్పుకు వెళ్ళే ఆ చిన్న రైలుకు ఇరవై రెండేళ్ళలో ముగ్గురు యజమానులు. సుధామయి మాత్రం ఒక్కతే. ప్రభుత్వం నడిపే రోజుల్లో నీలం కోటు తొడుక్కుని గార్డుగా చేరింది. లైనును ప్రైవేటుకిచ్చినప్పుడు ఆకుపచ్చ కోటు ఇచ్చారు. ఆ కంపెనీ పదకొండేళ్ళు నడిపి, కోవిడ్‌లో పెట్టెలు ఖాళీ అయ్యేసరికి కాంట్రాక్టు వదిలేసి పోయింది. తర్వాత వచ్చినవాళ్ళది బూడిదరంగు. కొత్త కంపెనీ అనగానే బెంగపడే తోటివాళ్ళతో, "కోటు మారితే చలి మారుతుందా?" అనేది ఆవిడ.

కాకినాడలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివిన మనిషి. ఇక్కడ చేసేది తలుపులు మూసి, బండి కదలమని డ్రైవరుకు గంట కొట్టడం. అందులో ఆవిడకు చిన్నతనమేమీ కనిపించలేదు. గొడవ మాత్రం ఆ తలుపు మూసే దగ్గరే వచ్చింది.

సాయంత్రం 5:52 బండికి అందాల్సిన యూనివర్సిటీ బస్సు సరిగ్గా 5:52కే స్టేషను ముందు ఆగుతుంది. దిగినవాళ్ళు పరుగెత్తుకొచ్చేదాకా తలుపు మూయకపోవడం పాత గార్డులు నేర్పిన అలవాటు. ఏ రూలు పుస్తకంలోనూ లేదు. మొదటి ఇద్దరు యజమానులూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కొత్త కంపెనీ సెకన్లు లెక్కపెడుతుంది. అక్టోబరులో ఆవిడకు ఉత్తరం వచ్చింది. మూడు వారాల్లో వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి, లేకపోతే ఆ బండికి వేరే గార్డును వేస్తారు.

ఆ బస్సులో రోజూ వచ్చేవాళ్ళలో వంశీధర్ ఒకడు. అతని రెండేళ్ళ కూతురు అమ్ములు, రెండు స్టేషన్ల అవతల డేకేర్‌లో ఉంటుంది. ఆరున్నరకు మూసేస్తారు. తర్వాతి బండి గంటకు గాని లేదు. ఉత్తరం సంగతి తెలిసి అతనే వచ్చాడు.

"మీరు రిస్క్ తీసుకోకండి ఆంటీ. ముందు బస్సుకి ట్రై చేస్తా."

అతని ల్యాబు అయ్యేసరికి ముందు బస్సు వెళ్ళిపోతుందని ఆవిడకు తెలుసు. మర్నాడూ బండి ఆపింది. కాకపోతే ఆ రోజు నుంచి నోటుబుక్కు పెట్టింది. ఎన్ని సెకన్లు ఆగింది, ఎందరు ఎక్కారు, పై స్టేషనుకు ఎప్పుడు చేరింది, అన్నీ రాసింది.

సూపర్‌వైజరు ధాత్రి ఈ దేశంలోనే, మార్కమ్ అనే ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్ల. సంజాయిషీ రోజున ఆ పిల్ల ముందు నోటుబుక్కు తెరిచి, సగటున నలభై సెకన్లు ఆగుతున్నామనీ, పై స్టేషనులో టైము కాలేదని బండి రోజూ ఊరికే నిలబడుతోందనీ సుధామయి చూపించింది.

ధాత్రి పేజీలు రెండుసార్లు తిరగేసింది. "ఇది ఎవరూ నోటీస్ చేయలేదా, ఆంటీ?" అని, నాలుక కరుచుకుంది. "సారీ. సుధామయి."

"ఆంటీయే బాగుందిలే. బండి సంగతి చెప్పు."

"జనవరి టైమ్‌టేబుల్‌లో 5:53 చేయిస్తాను. అప్పటిదాకా లేట్ అయితే కారణం 'బస్ కనెక్షన్' అని రాయండి. ఎవరైనా అడిగితే నేను ఆన్సర్ చేస్తా."

జనవరి మొదటి సోమవారం మంచు పడుతోంది. బస్సు దిగినవాళ్ళు ఎప్పటిలాగే పరుగు లంకించుకున్నారు. అందరికంటే ముందు వంశీధర్, భుజాన జారుతున్న బ్యాగుతో. సుధామయి గడియారం చూసుకుంది. కొత్త టైము 5:53కి ఇంకా నలభై సెకన్లున్నాయి. చెయ్యెత్తి వాళ్ళ పరుగు ఆపింది.

"నడిచే రండి నాయనా, జారిపడతారు. టైముంది."