సెరాఫిన్‌ని దింపిన రోజు

హింటర్‌బ్రుక్ పంచాయతీలో అన్నిటికంటే ఎత్తున మూడే ఇళ్ళు. వాటి వెనక శిఖరం దాటితే ఆస్ట్రియా. ఆ ఇళ్ళనుంచి కింద చర్చి వీధికి పాల క్యాన్లు, వెన్న, అప్పుడప్పుడు ఓ దూడ సరుకుల రోప్‌వే మీదే దిగేవి. దాన్ని నడిపేది నోట్‌బుర్గా. మొగుడు వాలెంటీన్ అడవిలో దుంగ దొర్లి చనిపోయాక ఆ పని ఆమె చేతికొచ్చింది.

పక్కింటి సెరాఫిన్‌తో ఆమెకి మాటల్లేవు. యుద్ధానికి ముందు, జర్మన్ మాట్లాడే ఆ కొండవాళ్ళని జర్మనీకి పోతారో, ఇటలీ కిందే ఉండిపోతారో తేల్చుకోమని సర్కారు అన్నప్పుడు వాలెంటీన్ ఉంటానన్నాడు. పోతానని సంతకం పెట్టిన సెరాఫిన్ వాళ్ళ గుమ్మానికి పేడ పూసి, ద్రోహులని తిట్టిపోశాడు. తీరా చూస్తే తనూ ఎక్కడికీ పోలేదు. ఆ కొండమీద శవపేటిక మోయాల్సింది ఇరుగుపొరుగు వాళ్ళే. వాలెంటీన్ పోయినప్పుడు సెరాఫిన్ ఇంట్లోంచి బయటికి రాలేదు. పేటికకి అతను పట్టాల్సిన మూల నోట్‌బుర్గాయే భుజం పెట్టింది.

యాభై ఒకటిలో మంచు విరిగిపడి కిందికెళ్ళే దారంతా కొట్టుకుపోయింది. ఆ వారంలోనే సెరాఫిన్‌కి కడుపునొప్పి మొదలైంది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున్నే అతని భార్య ఫిలోమినా నడుంలోతు మంచులో పడుతూ లేస్తూ వచ్చింది. ఏం కావాలో అడగలేక గుమ్మంలో నిలబడిపోయింది. నోట్‌బుర్గా కోటు తొడుక్కుంది.

రోప్‌వేకి వేలాడే సరుకుల తొట్టెలో గడ్డి పరిచి, సెరాఫిన్‌ని దుప్పట్లలో చుట్టి, తాళ్ళతో కట్టారు. నోట్‌బుర్గా తీగమీద ఇనుప కడ్డీతో కొట్టింది. రోప్‌వే కింది కొసన ఉండే మిల్లు కాసియన్ బదులు కొట్టిన చప్పుడు తీగలో సన్నగా వినిపించింది. బ్రేకు వదిలింది. తొట్టె మెల్లగా జారి పొగమంచులో కలిసిపోయింది.

సగం దూరం పోయిందో లేదో, ఆమె చేతికింద లాగుడు తాడు వదులైపోయింది. తీగకి మంచు పేరుకుని తొట్టె ఆగిపోయింది. కింద లోయ, పక్కనుంచి గాలి. ఇంకొంచెం తాడు వదిలితే, తొట్టె ఉన్నట్టుండి జారి, వదులంతా ఒక్కసారి బిగుసుకుని తాడు తెగిపోతుంది. నోట్‌బుర్గా బ్రేకు పట్టుకుని కదలకుండా చెవి ఒగ్గింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు.

ఫిలోమినా ఆ చేతినే చూస్తోంది.

"నోట్‌బుర్గా, నీకింకా ఆయన మీద కోపముందా?"

"ఉంది. పక్కకి జరుగు."

చేతి చక్రం తిప్పి తాడు వెనక్కి లాగబోయింది. చక్రం కదల్లేదు. "నువ్వూ పట్టు," అంది. ఇద్దరాడవాళ్ళూ చక్రానికి ఒరిగిపోయి లాగారు. బూట్లు జారుతున్నాయి, పళ్ళు బిగుసుకుంటున్నాయి. ఎట్టకేలకు తొట్టె ఓ బారెడు పైకి కదిలింది. వెంటనే, ఆ ఊపుకి తీగమీది మంచు పగలాలని, నోట్‌బుర్గా బ్రేకు పూర్తిగా వదిలేసింది. తాడు చుట్టిన డ్రమ్ము గిర్రున తిరిగింది. ఫిలోమినా కళ్ళు మూసుకుంది. ఎక్కడో మంచు పటపటా విరిగిన చప్పుడైంది. నోట్‌బుర్గా తన బరువంతా బ్రేకుమీద మోపింది. బ్రేకుకి వేసిన తోలు కాలిన కంపు లేచింది. డ్రమ్ము నెమ్మదించింది, తాడు తెగలేదు.

చాలాసేపటికి తీగమీద కాసియన్ కొట్టిన చప్పుడు వచ్చింది. మనిషి చేరాడు. ఫిలోమినా మంచులోనే కూలబడి ఏడ్చింది. నోట్‌బుర్గా డ్రమ్ముకి అంటుకున్న తోలుముక్కలు గీకుతూ ఉండిపోయింది.

డాక్టరు కోసి అతన్ని బతికించాడు. గడ్డి మొలిచే రోజుల్లో సెరాఫిన్ కర్ర పట్టుకుని రోప్‌వే దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"వాలెంటీన్ పోయినప్పుడు నేను రావాల్సింది."

"రావాల్సింది," అంది నోట్‌బుర్గా. లోపలికి రమ్మని మాత్రం అనలేదు. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు చర్చి దగ్గర అతను పలకరిస్తే తలూపేది. ఒక్కోసారి ఊపేది కాదు.

సరుకుల తొట్టెలో మనిషిని దింపారని తెలిసి, పంచాయతీ వాళ్ళు ఇక అలా చెయ్యకూడదని కబురు పెట్టారు. నోట్‌బుర్గా సరేనంది. మరుసటి చలికాలం మూడో ఇంటి కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొస్తే, తొట్టెలో గడ్డి పరిచింది.